నేను ఎల్లమ్మకు అంటగట్టిన జబ్బు

ఇది రాయమని నన్ను ఎవరూ అడగలేదు. జబ్బు తగ్గి రెండేళ్లు దాటింది. పోయిన బరువు తిరిగి వచ్చింది, ఆయాసం లేకుండా మెట్లు ఎక్కుతున్నాను. అయినా ఆ రోజుల్లో నేను చేసిన పని ఒకటి ఇంకా లోపల గుచ్చుతూనే ఉంది. కాగితం మీద పెడితే కొంత తేలికపడతానేమో. నాలాగే దగ్గును దాచుకుని తిరిగేవాళ్లు ఎవరైనా చదివితే కాస్త ముందుగా డాక్టరు దగ్గరికి పోతారేమో. ఈ రెండు ఆశలతో రాస్తున్నాను.

ముప్పై రెండేళ్లు లెక్కల టీచరుగా పనిచేసి 2009లో రిటైరయ్యాను. పరీక్ష హాల్లో చిట్టీ ఎవరి దగ్గర ఉందో కూర్చున్న తీరు చూసి చెప్పేదాన్ని. ఆ చూపు ఉద్యోగంతోపాటు పోలేదు. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే వీళ్లకు నాతో ఏం పనిపడిందో అనుకునేదాన్ని. మా ఆయన సుదర్శన్ దీనికి పూర్తిగా విరుద్ధం. ఆఫీసులో ఉన్నప్పుడూ రిటైరయ్యాకా ఒకేలా నవ్వేవారు. ముప్పై ఐదేళ్ల కాపురంలో ఆ నవ్వును నేను బాధ్యత లేనితనమనే అనుకున్నాను.

మాది అశోక్ నగర్‌లో రెండో అంతస్తు. మేమిద్దరం, కొడుకు కిరణ్, కోడలు స్వప్న. ఇంటి పనికి ఎల్లమ్మ వచ్చేది. పాలమూరు వైపు పల్లె నుంచి వచ్చి, దోమలగూడ వెనక బస్తీలో ఉండేది. భర్త భవన నిర్మాణ పనులకు పోయేవాడు. నలభై ఐదేళ్ల మనిషి, గిన్నెలు తోముతూ వీధిలో అందరి గొంతులూ అనుకరించేది. నా గొంతు కూడా అనుకరిస్తుందని తెలుసు, నేను లేనప్పుడు.

2011 జూలైలో దగ్గు మొదలైంది. వానాకాలం గదా అనుకున్నాను. సాయంత్రం కాగానే ఒళ్లు వెచ్చబడేది, వీపు మీద చల్లటి చెమట పట్టేది. జాకెట్లు వదులయ్యాయి. పొద్దుటి నడక ఫలితమిస్తోందని సంతోషించాను కూడా. అన్నం ముందు కూర్చుంటే మాత్రం నాలుగు ముద్దల తర్వాత కడుపు వద్దనేది.

నారాయణగూడలో ఒక డాక్టరు దగ్గరికి మూడుసార్లు పోయాం. మొదటి రెండుసార్లు దగ్గు మందు రాసిచ్చాడు. ఆ క్లినిక్ వరండాలో కూర్చున్న గంటలే నాకు ఎక్కువ గుర్తున్నాయి. గోడకు ధ్వని లేని టీవీ, పేరు పిలిచినప్పుడల్లా పది తలలు ఒకేసారి లేవడం. నేను దగ్గినప్పుడు పక్కన కూర్చున్న ముసలామె కొంగుముడి విప్పి ఒక లవంగం తీసింది.

"నోట్ల పెట్టుకో బిడ్డ, జర ఆగుతది" అంది.

వద్దన్నాను. ఎవరి కొంగులోదో, ఎన్నాళ్లదో. ఆమె ఏమీ అనుకోకుండా దాన్ని తనే నోట్లో వేసుకుంది.

మూడోసారి ఎక్స్‌రే తీశారు. ఫిల్మ్ చూశాక డాక్టరు నన్ను బయట కూర్చోమని మా ఆయనను మాత్రం లోపల ఉంచాడు. తలుపుకు సగం పరదా. దాని కింద ఆయన చెప్పులు, పైన ఆయన ముఖం. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీసి తుడుచుకున్నారు.

ఆటోలో అడిగాను. "ఏమన్నడు డాక్టరు?"

"జర నిమ్ము చేరిందట. ఇంకో పరీక్ష చెయ్యాలన్నడు."

"మరి అద్దాలు ఎందుకు తుడుచుకున్నరు?"

"దుమ్ము" అన్నారు, రోడ్డు వైపు చూస్తూ.

ఆ రెండో పరీక్ష కూడా అయింది. తర్వాతి వారం మా ఇల్లు నాకు పరీక్ష హాలులాగే కనిపించింది. నేను గదిలోకి రాగానే కిరణ్ ఫోన్ పెట్టేసేవాడు. స్వప్న నా కంచంలో ఎప్పుడూ లేనిది రెండో గరిటె నెయ్యి వేసింది. మా ఆయన జోకులు ఆపేశారు. అది అన్నింటికన్నా పెద్ద సాక్ష్యం. నాకు కేన్సరేనని నిశ్చయించుకున్నాను. పట్టుచీరలు ఎవరికి ఏది ఇవ్వాలో మనసులో పంచేశాను కూడా.

ఒక మధ్యాహ్నం ఆయన భోజనం చేస్తుండగా ఎదురుగా కూర్చున్నాను.

"ఎన్ని నెలలన్నడు?"

ఆయన చెయ్యి కంచంలో ఆగింది. "నీకెవరు చెప్పిన్రు?"

"ఎన్ని నెలలు? అబద్ధం చెప్పకున్రి."

"ఆరు నెలలు."

కుర్చీలో ఉన్నాను కాబట్టి పడలేదు. మా పెళ్లినాటి నుంచి ఆయనతో ఏమేం మాట్లాడలేదో అవన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. ఆయన మజ్జిగ పోసుకుని కలుపుకుంటున్నారు. ఆ నిబ్బరం చూసి ఒళ్లు మండింది.

"ఆరు నెలలు తప్పకుండ మింగాలె" అన్నారు. "నడిమిట్ల ఆపితె మళ్ల మొదటికొస్తదట."

"ఏంది మింగేది?"

"గోలీలు. టీబీ గదా." నా ముఖం చూసి, అప్పుడు అర్థమై, ఎంగిలి చేత్తోనే నుదురు కొట్టుకున్నారు. "నువ్వేమనుకున్నవ్?"

ఏమనుకున్నానో చెప్పాను. ఆయన నవ్వు ఆపుకోవాలని చూశారు, చేతగాలేదు. నేను ఏడ్చాను. బతుకుతానన్న సంతోషం ఆ పూటంతా ఉంది. సాయంత్రానికి సిగ్గు వచ్చి దాని స్థానంలో కూర్చుంది. టీబీ, మా ఇంట్లో, నాకు. ఆయన ఇన్ని రోజులు దాచింది కూడా అందుకేనట. పరువు పోయిందని నేను మంచం పడతానని భయపడ్డారు.

ఆగస్టులో మందులు మొదలుపెట్టే ముందు డాక్టరును ఒకటే అడిగాను, ఇది ఎవరి నుంచి వచ్చిందని.

"ఎక్కడినుంచైన రావచ్చమ్మా. బస్సుల, బజార్ల. ఎప్పుడో వచ్చి లోపల పడుకొని, వయసు మీద పడ్డంక లేచి ఉండొచ్చు. ఎవరని చెప్పలేం."

ఎవరని చెప్పలేమన్న జవాబు నేనెప్పుడూ ఒప్పుకున్నదాన్ని కాదు. ఇంటికొచ్చి జాబితా వేశాను. కిందటి చలికాలంలో ఎల్లమ్మ నెల రోజులు దగ్గింది. బస్తీలో ఉంటుంది, సన్నగా ఉంటుంది. లెక్క కుదిరిపోయింది.

మర్నాడు గిన్నెలు ముట్టుకోకముందే గుమ్మంలో ఆపాను.

"రేపటినుంచి రాకు ఎల్లమ్మ."

"ఏంది టీచరమ్మా, ఏం తప్పు చేసిన?"

"నీకు దగ్గుంది. పరీక్ష చేయించుకో. ఇంట్ల కోడలు కడుపుతోని ఉన్నది."

"దగ్గు ఎప్పుడో తగ్గె గదా. నాకేం రోగం లేదు." ఆమె నా వైపు కాసేపు చూసింది. అప్పుడే నాకు దగ్గు తెర వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆమె చెప్పులు వేసుకుని మెట్లు దిగింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నాలుగు రోజుల తర్వాత కింది అంతస్తు శారద మెట్ల దగ్గర అడిగింది, "ఎల్లమ్మను మాన్పించిన్రట గదా, ఏమైంది?" ఆమె కళ్లు నా వదులు జాకెట్టు మీద ఉన్నాయని నాకు తోచింది. నోరు దానంతట అదే పనిచేసింది. "దానికి టీబీ అని అనుమానం. మీరు గూడ జాగ్రత్త" అన్నాను.

ఆ నెలాఖరుకు శారద ఇంటితో సహా మా వీధిలో ఎల్లమ్మ పనిచేసే మిగిలిన మూడిళ్లూ ఆమెను మాన్పించాయి. నాకు ఆ సంగతి తెలిసింది. వినపడనట్టు ఉన్నాను.

స్వప్నకు అప్పుడు ఐదో నెల. మందులు పడ్డాక కొన్ని వారాల్లో అంటుకునే భయం తగ్గిపోతుందని డాక్టరు చెప్పినా, నేనే ఆమెను కరీంనగర్‌లో పుట్టింటికి పొమ్మన్నాను. "సరే అత్తమ్మా" అంది. ఆ సరే ఎంత త్వరగా వచ్చిందా అని ఆ రోజంతా ఆలోచించాను.

మందులు సర్కారు ఆరోగ్య కేంద్రంలో ఇచ్చేవారు. మాకు దగ్గరది వదిలి, ఎవరూ గుర్తుపట్టరని దోమలగూడ అవతల ఉన్నదానికి రాయించుకున్నాను. సోమ, బుధ, శుక్రవారాలు ముఖానికి స్కార్ఫ్ చుట్టుకుని వీధి చివర ఆటో ఎక్కేదాన్ని. అక్కడ రాజమణి అనే సిస్టరు నా పేరున్న పెట్టెలోంచి ఏడు గోలీలు తీసి చేతిలో పోసి, నేను మింగేదాకా ఎదురుగా నిలబడేది.

"ఇంటికి తీసుకపోయి మింగుత" అన్నాను మొదటి రోజు.

"లేదు మేడమ్, నా ముందరే మింగాలె."

"నన్ను నమ్మరా?"

"మిమ్ములను నేను నమ్మ. నన్ను మా సార్ నమ్మడు. మా సార్‌ను వాళ్ల సార్ నమ్మడు" అంది గ్లాసు అందిస్తూ. "అందరం కలిసి ఈ గోలీలనే నమ్ముతున్నం. మింగున్రి."

జీవితంలో మొదటిసారి అనుమానం నా వైపు తిరిగి నిలబడితే ఎలా ఉంటుందో తెలిసింది. వరండాలో మిగిలినవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఏడు గోలీల తర్వాత కడుపు తిప్పేది, కీళ్లు పట్టేసేవి, నోట్లో ఇనుము రుచి ఉండేది. అక్టోబరు నాటికి అన్నం చూస్తేనే భయం వేసేది.

ఆ రోజుల్లోనే మా ఆయన పొద్దున తొమ్మిదింటికి చిక్కడపల్లి లైబ్రరీకి పేపర్లు చదవడానికని పోయి పదకొండు దాటాక రావడం మొదలుపెట్టారు. జబ్బు మనిషితో ఇంట్లో ఉండలేకపోతున్నారని నాకు నమ్మకం కుదిరింది. ఒక మంగళవారం వెనకాలే ఆటోలో పోయాను. లైబ్రరీలో బల్లలన్నీ చూశాను, లేరు. బయటికొచ్చి రెండు సందులు తిరిగితే, ఒక టిఫిన్ సెంటర్ ముందు నిలబడి మసాలా దోసె తింటూ కనిపించారు. నన్ను చూడగానే దోసె ముక్క నోటి దగ్గరే ఆగింది.

"ఇదేనా పేపర్ చదువుడు?"

ఆయన మెల్లగా నమిలి మింగారు. "ఇంట్ల నువ్వు రెండు ముద్దలు తిని లేస్తవు. నీ ముందట కడుపునిండ తినబుద్ధి కాదు. తినకుంటెనేమో ఆకలైతది." ప్లేటు వైపు చూసుకున్నారు. "నెల రోజులసంది దొంగతనంగ తింటున్న. నాలుగు కిలోలు పెరిగిన."

నిజంగానే పొట్ట వచ్చింది. ఇంట్లో మనిషిని కళ్లలో వత్తులు వేసుకుని చూస్తూ దాన్ని మాత్రం చూడలేదు. నాకు నవ్వు వచ్చింది. నవ్వితే దగ్గు వచ్చింది, దగ్గుతోనే నవ్వాను. ఆయన చట్నీ వద్దని చెప్పి నాకొక దోసె చెప్పారు. పక్కనే అరుగు మీద కూర్చుని సగం తిన్నాను. రెండు నెలల్లో నాకు రుచి తెలిసిన మొదటి తిండి అది. ఆ తర్వాత గోలీలు లేని రోజుల్లో ఇద్దరం కలిసే వెళ్లేవాళ్లం. నేను సగం, ఆయన ఒకటిన్నర.

నవంబరులో ఒక శుక్రవారం ఆరోగ్య కేంద్రం బెంచీ మీద ఎల్లమ్మ కూర్చుని ఉంది.

ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, నాకు మొదట కలిగింది విజయం. నా లెక్క తప్పలేదని. అంతలో రాజమణి సిస్టరు నా పేరు గట్టిగా పిలిచింది. స్కార్ఫ్ తీయక తప్పలేదు. ఎల్లమ్మ చూస్తుండగా ఏడు గోలీలూ మింగాను. ఆమె నన్ను చూసింది, గోలీల పెట్టె చూసింది, లేచి వెళ్లిపోయింది.

"ఆమెకు ఎప్పటినుంచి నడుస్తున్నది మందు?" అని సిస్టరును అడిగాను.

"ఆమెకేం లేదు మేడమ్. కళ్లె పరీక్ష రెండుసార్లు చేసినం, ఛాతి ఫొటో తీసినం. ఏం లేదు. ఎవరో టీబీ అన్నరని పనులు పోయినయట. రోగం లేదని కాయితం రాసియ్యమని తిరుగుతున్నది, పాపం."

ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు. తప్పు చేశానన్న బాధ కన్నా ముందు భయం వచ్చింది. ఎల్లమ్మ ఇక ఊరుకోదు. ఇంటింటికీ పోయి చెబుతుంది, నా గొంతు అనుకరించి మరీ చెబుతుంది. శారద మెట్ల మీద నవ్వితే తెలిసిపోయిందనుకున్నాను, నవ్వకపోతే తప్పకుండా తెలిసిపోయిందనుకున్నాను. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. ఎవరూ ఏమీ అనలేదు. అది ఇంకా భరించలేకపోయాను. చెప్పకుండా ఎందుకు ఆగింది, దానికి ఏం కావాలి?

డిసెంబరు మొదటి వారంలో దోమలగూడ వెనక బస్తీకి వెతుక్కుంటూ పోయాను. రేకుల గది ముందు రెండు బస్తాల ఉల్లిగడ్డలు పోసుకుని కోస్తోంది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. నన్ను చూసి ఏడుపు నటిస్తోందా అని ఒక్క క్షణం అనిపించింది.

"ఉల్లిగడ్డలు టీచరమ్మా. మీ కోసం కాదు" అంది ముంజేత్తో కళ్లు తుడుచుకుని. హాస్టల్ మెస్సులకు కోసిచ్చే పని పట్టుకుందట. పీట జరిపింది. కూర్చున్నాను.

"నన్ను సెంటర్ల చూసినవ్ గదా" అన్నాను.

"చూసిన."

"మరి ఎవరికి ఎందుకు చెప్పలే?"

"చెప్తె ఏమైతది? టీచరమ్మకు టీబీ అని నేనంటె, 'ఆఁ, ఎల్లమ్మనే అంటించింది' అంటరు. ఉన్న ఈ పని గూడ పోతది." కత్తి ఆగలేదు. "మీ మీద ప్రేమతోని ఆగిననుకోకున్రి."

నేను పీట పక్కన పడ్డ ఉల్లిపొట్టు ఏరడం మొదలుపెట్టాను.

"కోపమైతే మస్తుండె. ఆ దినం అక్కడనే నాలుగు మాటలు అందామనుకున్న. కని మీరు గోలీలు మింగేటప్పుడు మొకం చూసిన." కత్తి కింద పెట్టి, పెదవులు బిగించి, కళ్లు గట్టిగా మూసి, మెడ సాగదీసి చూపించింది. అది నేనే. కాకరకాయ రసం తాగిన హెడ్ మాస్టరులా ఉంది. "గీ మొకాన్ని ఏమని తిడత?"

నవ్వాను. ఆమె నవ్వలేదు. నేను ఆగేదాకా చూసి, అప్పుడు మాట్లాడింది.

"మీ నోటితోని అన్నరు. మీ నోటితోనే గాదని చెప్పున్రి. నాకు గంతే కావాలె."

మూడు రోజులు ఇంట్లోంచి కదల్లేదు. మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన నవ్వని విషయం అదొక్కటే. తోడు రమ్మంటావా అన్నారు. వద్దన్నాను. నాలుగో రోజు శారద ఇంటికి పోయాను.

"టీబీ నాకు. ఎల్లమ్మకు లేదు. ఎప్పుడూ లేదు. నేను అబద్ధం చెప్పిన."

శారద కుర్చీని కొంచెం వెనక్కి జరుపుకుంది. మళ్లీ తనే గమనించి సిగ్గుపడి, జరిపినంతా ముందుకు జరుపుకుంది. "ఎంత పరేషానైన్రో" అంది. రెండో ఇంట్లో తలుపు సగమే తీసి విన్నారు. మూడో ఇంటావిడ నన్ను కూర్చోబెట్టి నీళ్లిచ్చింది.

"మాకు ఎప్పుడో తెలుసు టీచర్. మీరు మొకానికి స్కార్ఫ్ కట్టుకొని ఆటో ఎక్కుతుంటె వీధంత చూస్తనే ఉన్నది."

"మరి తెలిసి ఎల్లమ్మను ఎందుకు తీసేసిన్రు?"

ఆవిడ గ్లాసు అంచు తుడిచింది. "మీరన్నరు గదా" అంది.

మర్నాడు శారద మా ఇంటికి స్టీలు డబ్బాలో పాలకూర పప్పు పంపింది. డబ్బా వాపసు ఇవ్వనక్కర్లేదని చెప్పించింది. అది దయనా భయమా అని నేనూ మా ఆయనా గంటసేపు వాదించుకున్నాం. "పప్పు బాగుంది. తీర్పు తర్వాత చెప్దాం" అని ఆయన డబ్బా ఖాళీ చేశారు. తీర్పు ఇప్పటికీ చెప్పలేదు. పంపిన మనిషికైనా తెలుసో లేదో. రెండూ కలిసే ఉండి ఉంటాయని ఇప్పుడు అనుకుంటున్నాను. అందులో దయ ఉన్నంత మేరకు తీసుకోవడం నేర్చుకుంటున్నాను.

మూడిళ్లలో ఒకరు ఎల్లమ్మను మళ్లీ పిలిచారు. ఆమె పోలేదు. "ఉల్లిగడ్డలు అనుమానపడయి" అందట. మా ఇంటికి రమ్మని నేనూ అడిగాను. పనికి రానంది. కానీ అప్పుడప్పుడు మధ్యాహ్నం ఛాయ్‌కు వస్తుంది, కుర్చీలోనే కూర్చుంటుంది. మొదటిసారి ఆమె కుర్చీలో కూర్చున్నప్పుడు నా కళ్లు అటే పోయాయి. "ఏం, కుర్చీకి అంటుకుంటదా?" అంది. ఆమె నన్ను క్షమించిందా లేదా నాకు తెలియదు. అడిగే ధైర్యం ఇంకా రాలేదు.

2012 జనవరిలో స్వప్నకు పాప పుట్టింది. నన్ను చూడ్డానికి పిలవలేదని రెండు వారాలు కుమిలిపోయి, ఆఖరుకు ఫోన్ చేశాను.

"మీరే గదా అత్తమ్మా, పరీక్ష బాగొచ్చేదాక పిల్ల దగ్గరికి రానని ఒట్టు పెట్టుకున్నరు" అంది. "డాక్టరేమో ఎప్పుడో పరవాలేదన్నడు. నేను మీకు కోపమొస్తదని ఊకున్న."

నిజమే. ఆ ఒట్టు నేనే పెట్టుకున్నాను, నేనే మరిచిపోయాను. ఫిబ్రవరిలో ఆఖరి పరీక్ష శుభ్రంగా వచ్చింది. మర్నాటి పొద్దున బస్సుకే కరీంనగర్ పోయాం. పాపను ఒళ్లో పెట్టగానే అలవాటుగా మొహం పక్కకు తిప్పుకున్నాను. స్వప్న నా గడ్డం పట్టి పాప వైపు తిప్పింది.

ఇప్పుడు 2014. నాకు అరవై మూడు. అనుమానం పోయిందని చెబితే అబద్ధమవుతుంది. కాకపోతే ఇప్పుడు అది వచ్చినప్పుడు దాన్ని కొంచెం సేపు ఎదురుగా కూర్చోబెట్టి చూస్తాను. చాలాసార్లు నవ్వు వస్తుంది. ముప్పై రెండేళ్ల టీచరు ఉద్యోగంలో నవ్వినదానికన్నా ఈ రెండేళ్లలో ఎక్కువ నవ్వానని మా ఆయన అంటారు. ఆయన మాట నమ్ముతున్నాను.

శుక్రవారాలు పొద్దున ఆరోగ్య కేంద్రానికి పోయి, కొత్తగా మందు మొదలుపెట్టినవాళ్ల పక్కన కూర్చుంటాను. నేను చేసేదేమీ లేదు. నీళ్లు అందిస్తాను, కడుపు తిప్పితే ఏం తినాలో చెబుతాను. పోయిన వారం నా వయసావిడ ఒకామె వచ్చింది. మంచి కాటన్ చీర, ముఖానికి స్కార్ఫ్. గోలీలు చేతిలో పట్టుకుని వాటిని కాక నన్నే చూస్తోంది.

"మీరు నర్సా?"

"కాదు."

"మందుల కంపెనీయా?"

"కాదు."

"మరి మీకేం లాభం, ఊరికె వచ్చి కూర్చుంటరా?"

ఆమె కళ్లలో ఆ చూపు నాకు బాగా తెలుసు. ముప్పై రెండేళ్లు దాన్ని నేను ఇతరుల మీద వాడాను. ఏం చెప్పినా నమ్మదని కూడా తెలుసు.

"ఏదో ఉండే ఉంటది" అన్నాను గ్లాసు అందిస్తూ. "ఆరు నెలలున్నయి గదా. మెల్లగ కనిపెట్టున్రి."

ఆమె నన్ను చూస్తూనే ఒక్కొక్కటే మింగడం మొదలుపెట్టింది.